ఏడు అక్షరాల దగ్గర ఆగిపోయిన పాఠం: పాత సిస్టమ్‌ల మీద రిలీజ్ టెస్టింగ్ డైరీ

నవంబర్ 2, 2025, ఆదివారం, హన్మకొండ

పొద్దుగాల్నించి పాత సిస్టమ్‌లు అన్నీ బయటికి తీసి తుడుసుకుంట కూసున్న. ఆర్‌సీ1, అంటే రిలీజ్‌కు ముందు పరీక్ష కోసం తీసే వెర్షన్, నిన్న రాత్రి బిల్డ్ అయింది (కోడ్ నడిచే ప్రోగ్రాంగ మారింది), ఇగ కొత్త ఫీచర్లు ఏం పెట్టొద్దు, తప్పులు దిద్దుడే అని మా ముగ్గురం మాట అనుకున్నం. కొత్తగ చదివేటోళ్ల కోసం చెప్తున్న, మాది తెలుగు ఇన్‌స్క్రిప్ట్ (మన భాషలకు సర్కారు పెట్టిన కీబోర్డ్ పద్ధతి) టైపింగ్ నేర్పే చిన్న ప్రోగ్రాం, ఓపెన్ సోర్స్, సీ ప్లస్ ప్లస్‌ల రాసినం, నెట్ అవసరం లేదు, ఇన్‌స్టాల్ చేసుకుంటే పాఠం ఒకటి నుంచి మొదలువెట్టి 'వరంగల్' అని బీ, జే, ఎక్స్, ఐ, ఎన్, డీ కొట్టే దాకా తీస్కపోతది. రాసే ఇద్దరు తమ్ముళ్లకు మంచి ల్యాప్‌టాప్‌లు ఉన్నయ్, వాళ్ల దగ్గర ఏం చేసినా దబ్బున అయిపోతది. వాడేటోళ్ల దగ్గర అట్ల లేదు గద. బడుల, ఊరి లైబ్రరీల, జిరాక్స్ సెంటర్ల ఉన్నయ్ అన్నీ పదిహేనేండ్ల కిందటి డబ్బాలే. పోయిన నెల 14తోని విండోస్ 10 సపోర్ట్ బందయింది, విండోస్ 11 ఆ డబ్బాల మీద ఎక్కదు, అందుకే చానా మంది లైనక్స్ వేసుకుంటున్నరు, మా ప్రోగ్రాం అడిగేది గూడ వాళ్లే. గందుకే పాత మిషన్ల పని నేను పట్టుకున్న.

ఇంట్ల ఉన్నవి చెప్త. ఒక నెట్‌బుక్, ఇంటెల్ ఆటమ్ ఎన్270, 1 జీబీ ర్యామ్, 32 బిట్ ప్రాసెసర్. మా బావ అమెరికా నుంచి తెచ్చి వదిలేసిపోయిన 2005 నాటి యాపిల్ ల్యాప్‌టాప్ ఐబుక్ జీ4, దాంట్ల ఉన్నది పవర్‌పీసీ అనే వేరే జాతి ప్రాసెసర్. మొదటి మోడల్ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి. ఇంకొక పెంటియం 4 ఉండె, మొన్న అక్టోబర్ ఆఖర్ల మొంథా తుపాను వానలకు మా కాలనీల నీళ్లొచ్చినప్పుడు అది కింద బండ మీద ఉండె, మునిగిపోయింది. ఎండల పెట్టిన, ఆరవెట్టిన, బోర్డు మీద కెపాసిటర్ల దగ్గర పచ్చగ తుప్పు పట్టింది, ఇగ లేవదు. ఇరవై ఏండ్లు నడిచిన మిషన్, బాధ అనిపించింది.

నవంబర్ 5, బుధవారం

నెట్‌బుక్ మీద డెబియన్ 12 ఉంది, డెబియన్ అంటే లైనక్స్‌ల ఒక రకం. డెబియన్ 13 ఆగస్టు 9 నాడు వచ్చింది గాని దాంట్ల 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరూ లేదు కెర్నలూ లేదు, కాబట్టి ఈ మిషన్ 12 మీదనే ఉంటది. మా ప్యాకేజీ వేసి ఓపెన్ చేస్తే ఓపెన్ కాలే, 'జీలిబ్‌సీ 2.38 దొరకలేదు' అని ఒక్క లైను వచ్చింది. జీలిబ్‌సీ అంటే ఈ లైనక్స్‌ల ప్రోగ్రాంలు ఆధారపడే మూల లైబ్రరీ. డెబియన్ 12ల ఉన్నది 2.36, బిల్డ్ చేసిన తమ్ముడి దగ్గర డెబియన్ 13, అంటే 2.41. మేం కొత్త ఫంక్షన్ ఒక్కటి గూడ వాడలే, రాతను నంబర్‌గ మార్చే పాత ఫంక్షన్ స్ట్ర్‌టాల్ వాడినం అంతే, కాని కొత్త హెడర్లతోని (లైబ్రరీ ఫంక్షన్ల పేర్లుండే ఫైళ్లు) కంపైల్ చేస్తే అదే స్ట్ర్‌టాల్ లోపల కొత్త పేరుకు లింకయితది. సోర్స్ ఎంత చూసినా దొరకని తప్పు ఇది. విరుగుడు సింపుల్, ఎవరి కోసం బిల్డ్ చేస్తున్నమో వాళ్ల దగ్గరున్న అందరికన్న పాత సిస్టమ్ల కూసొని బిల్డ్ చెయ్యాలె. డెబియన్ 12 కంటైనర్ల (ఒక సిస్టమ్ లోపలనే విడిగ పెట్టుకునే ఇంకో లైనక్స్) బిల్డ్ పెట్టమని తమ్మునికి చెప్పిన, రాత్రికే పెట్టిండు.

ఓపెన్ అయినంక ఇంకోటి. స్క్రీన్ 1024 ఇంటూ 600, మా విండో ఎత్తు 720 అని ఫిక్స్ చేసి ఉంది, కింద 'తర్వాతి పాఠం' బటన్ స్క్రీన్ అవతల పడ్డది. ఆల్ట్ పట్టుకొని మౌస్‌తోని విండోను పైకి గుంజితే కనిపించింది, అది నాకు తెలుసు, బడి పిలగానికి ఎట్ల తెలుస్తది? విండో ఎత్తు 560 దాటొద్దు, దాటితే స్క్రోల్ రావాలె అని రాసి పెట్టిన.

నవంబర్ 9, ఆదివారం

నిన్న శనివారం పరకాల రోడ్డు మీద ఒక ఊరి బడికి పోయిన. అక్కడ 8 సిస్టమ్‌లు, అన్నీ ఒక్కతీరువే, కోర్ 2 డ్యుయో ఈ7500, 2 జీబీ డీడీఆర్2. దసరా సెలవులల్ల లైనక్స్ వేసింది నేనే. రెండు స్టార్ట్ కాలే, బీప్ బీప్ అని కొట్టినయ్, ర్యామ్ తీసి బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బర్‌తోని రుద్ది మళ్ల పెడితే లేసినయ్, అది మామూలే.

ఆర్‌సీ1 వేసిన. అన్నిట్ల మంచిగ ఓపెన్ అయింది, కీబోర్డ్ బొమ్మ వచ్చింది, అక్షరాలు మంచిగ పడుతున్నయ్, ఒత్తులు గూడ సరిగ్గ. నేను మనసుల పాస్ అని టిక్కు పెట్టేసిన. పిలగాండ్లను కూసోవెట్టినం, ఏడో తరగతి. పాఠం ఒకటి అంటే మధ్య వరుస, ప, ర, క, త, పొల్లు, గుడి, కొమ్ము, ఆ ఏడు కీలే. 'కర్ర', 'కత్తి', 'కప్ప' గిసుంటి మాటలు. ఒక అమ్మాయి అందరికన్న ముందుగాల అయిపోగొట్టింది. ఆఖరి మాట 'కప్ప', ఆఖరి ప కొట్టింది, విండో మాయమైంది. ఏం జరగనట్టు డెస్క్‌టాప్ కనిపిస్తున్నది. సార్ వచ్చి 'ఏదో తప్పు కీ కొట్టినవ్ బిడ్డా, మళ్ల చెయ్' అన్నడు. మళ్ల మొదటికెళ్లి చేసింది. మళ్ల 'కప్ప', మళ్ల మాయం. గట్ల నాలుగు సార్లు చేసింది ఆ పిల్ల, నాలుగోసారి ఆఖరి అక్షరం కొట్టే ముందు ఆగి నా దిక్కు చూసింది. అప్పటికి మిగిలిన ఏడు సిస్టమ్‌లల్ల గూడ అదే కథ మొదలైంది. తప్పు కీ కాదు సార్, తప్పు మాది అని చెప్పిన.

టెర్మినల్ల నడిపి చూస్తే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని వచ్చి ఆగిపోతున్నది. అంటే ఆ ప్రాసెసర్‌కు తెలియని మాట ఏదో మా ప్రోగ్రాం చెప్తున్నది. ఒక సిస్టమ్ సీపీయూ డబ్బా సార్‌ను అడిగి బండి మీద పెట్టుకొని ఇంటికి తెచ్చిన.

నవంబర్ 10, సోమవారం

రాత్రి జీడీబీల, అంటే ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో చూపే టూల్ల, నడిపిన. పాఠం ఒకటి చేసుకుంట వచ్చి ఆఖరి ప కొట్టంగనే ఆగింది, ఆగిన జాగల ఏ ఇన్‌స్ట్రక్షన్ ఉందో చూపియ్యమంటే 'పాప్‌కౌంట్' అని చూపెట్టింది. ఒక నంబర్ల ఎన్ని ఒకట్లు ఉన్నయో లెక్కపెట్టే ఇన్‌స్ట్రక్షన్ అది. ఇంటెల్‌ల 2008 నవంబర్ల వచ్చిన మొదటి కోర్ ఐ7తోని వచ్చింది, ఈ7500 దాని తర్వాత 2009ల మార్కెట్‌కు వచ్చినా లోపల పాత తరం చిప్పే, ఎస్ఎస్ఈ4.1 అనే ఇన్‌స్ట్రక్షన్ల గుంపు ఉంటది గాని 4.2 ఉండది, పాప్‌కౌంట్ ఉండది.

మరి మా టైపింగ్ ప్రోగ్రాంకు పాప్‌కౌంట్‌తోని ఏం పని? ఇది దొరకవట్టేసరికి పన్నెండు దాటింది. యూనికోడ్‌ల తెలుగుకు ఇచ్చిన బ్లాకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా, సరిగ్గ 128 జాగలు. నేర్చుకున్న అక్షరానికి ఒక బిట్ పెట్టుకుంట 128 బిట్ల బిట్‌సెట్ల దాసిపెడుతున్నం. పాఠం అయిపోంగనే 'శభాష్, 7 అక్షరాలు వచ్చినయ్' అని చెప్పుడు కోసం ఆ బిట్లను లెక్కపెట్టాలె. 128 బిట్లంటే రెండు 64లు, రెండు పాప్‌కౌంట్‌లు. మొదటిదాని దగ్గరనే చచ్చిపోతున్నది. సేవ్ చేసే లైను దాని కింద ఉంది, అందుకే పాఠం అయిపోయినట్టు గూడ రాసుకుంటలేదు, మళ్ల మొదటికి వస్తున్నది. ఆ పిల్ల నాలుగు సార్లు చేసింది ఇందుకే. ఓపెన్ అయ్యేటప్పుడు, టైప్ చేసేటప్పుడు ఆ ఇన్‌స్ట్రక్షన్ అసలే రాదు. నేను ఓపెన్ చేసి పది అక్షరాలు కొట్టి టిక్కు పెట్టుడు ఎంత తప్పో తెలిసొచ్చింది, ఇప్పటికెళ్లి ప్రతి మిషన్ మీద ఒక పాఠం పూర్తిగ చేసి, బంద్ చేసి, మళ్ల ఓపెన్ చేసి చూసినంకనే పాస్.

బిల్డ్ ఫైల్ తీసి చూస్తే మార్చ్ అనే ఆప్షన్ల ఎక్స్86-64-వీ2 అని ఉంది. అంటే 'ఈ లెవెల్ ప్రాసెసర్ ఉందనుకొని కంపైల్ చెయ్' అని చెప్పినట్టు, ఆ లెవెల్ల ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ రెండూ వస్తయ్.

నవంబర్ 11, మంగళవారం

తమ్మునికి ఫోన్ చేసిన. 'అన్నా, రెడ్‌హ్యాట్ లైనక్స్ 9 గూడ వీ2నే అడుగుతది, విండోస్ 11 24హెచ్2 అయితే పాప్‌కౌంట్ లేకపోతె బూటే కాదు, అందరు పోయే దిక్కే మనం పోయినం' అన్నడు. అబద్ధం ఏం కాదు, రెండూ నిజమే. 'వాళ్లు పెద్ద సర్వర్లకు, కొత్త ల్యాప్‌టాప్‌లకు చేస్తరు తమ్మీ, మనం చేసేది బడి పిలగాండ్లకు, వీ2తోని మన ప్రోగ్రాం ఎంత స్పీడ్ అయింది చెప్పు' అన్న. కొలిచి చూసిండు, ఏం తేడా లేదు. ఉండది గూడ, మనిషి కీ కొట్టే దాకా ఆగి ఉండే ప్రోగ్రాం అది.

కాని ఆయన అడిగిన రెండో మాటకు నా దగ్గర జవాబు లేకుండె. 'వర్చువల్ మిషన్ల సీపీయూ కోర్2డ్యుయో అని పెట్టి పాఠాలన్ని ఆటోమేటిక్‌గ నడిపిచ్చిన అన్నా, అన్నీ పాస్ అయినయ్, మరి అక్కడెందుకు పడలే?' రిజల్ట్ ఫైల్ గూడ పంపిండు, నిజంగనే పాస్. ఇద్దరం కలిసి రెండు గంటలు కొట్లాడినం దీనితోని. తేలింది ఏందంటే, వర్చువల్ మిషన్ (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్) నడిపే క్యూఈఎంయూను కేవీఎంతోని, అంటే అసలు చిప్ మీదనే నేరుగ నడిపే తీరుతోని, నడిపితే లోపలి గెస్ట్ సిస్టమ్‌కు 'నీ దాంట్ల పాప్‌కౌంట్ లేదు' అని చెప్తది, అడిగితే లేదనే అంటది, కాని అడగకుండ ప్రోగ్రాం నేరుగ ఆ ఇన్‌స్ట్రక్షన్ వేస్తే మాత్రం అది పోయి కింద ఉన్న అసలు చిప్ మీదనే నడుస్తది, ఆ చిప్ కొత్తది, దానికి పాప్‌కౌంట్ వస్తది, లెక్కపెట్టి ఇచ్చేస్తది. నడుమల ఆపేటోళ్లు ఎవ్వరు లేరు. మా ప్రోగ్రాం అడిగే రకం కాదు, కంపైలర్ ఉందనుకొని రాసిచ్చింది. కేవీఎం తీసేసి టీసీజీతోని, అంటే ప్రతి ఇన్‌స్ట్రక్షన్ సాఫ్ట్‌వేర్‌లనే నడిపే తీరు, అట్ల పెట్టమన్న. పది రెట్ల కన్న ఎక్కువ నెమ్మదిగ నడిచి, 'కప్ప' కాడికి వచ్చి, సరిగ్గ బడిల పడ్డట్టే పడ్డది. ఇద్దరం ఒక్కసారే 'హా' అన్నం. ఇగ మా ఆటోమేటిక్ టెస్ట్‌లల్ల పాత ప్రాసెసర్ టెస్ట్ మొత్తం టీసీజీతోనే.

మార్చ్ లైను తీసేసిండు. అది లేకుంటె కంపైలర్ లెక్కపెట్టేతందుకు మామూలు ఫంక్షన్ వాడుకుంటది, ఏ 64 బిట్ చిప్ మీదైనా నడుస్తది. సేవ్ చేసుడు గూడ లెక్క కన్న ముందటికి జరిపినం, రేపు ఇంకేం కూలినా చేసిన పాఠం పోవద్దు.

నవంబర్ 16, ఆదివారం

ఐబుక్. డెబియన్ అధికారికంగ పవర్‌పీసీకి ఇచ్చిన ఆఖరి వెర్షన్ 8, ఆ తర్వాత పోర్ట్స్ అని ఇష్టంతోని నడిపేటోళ్లు నడిపిస్తున్నరు, దాని మీదనే పెట్టిన. పవర్‌పీసీకి మేం ప్యాకేజీ ఇయ్యం, సోర్స్ నుంచి కంపైల్ చేసుకున్న, మధ్యాహ్నం అన్నం తిని ఒక కునుకు తీసి లేసేసరికి అయింది. 'ఇది ఎవరు వాడుతరే' అని మా అవ్వ అడిగింది. ఎవ్వరు వాడకపోవచ్చు. కాని ఈ మిషన్ నంబర్లను మామూలు పీసీకి ఉల్టా రాస్తది, పెద్ద బైట్ ముందు పెడతది, కాబట్టి ఇంకెక్కడ కనిపియ్యని తప్పులు దీని మీద బయటపడుతయ్.

పడ్డయ్. పీసీల మూడో పాఠం దాకా చేసిన సేవ్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌ల తెచ్చి దీంట్ల ఓపెన్ చేస్తే 'మీరు 50331648వ పాఠంల ఉన్నరు' అన్నది. మూడును నాలుగు బైట్లల్ల రాసి వెనకకెళ్లి చదివితే వచ్చే నంబర్ అది. తప్పు ఐబుక్‌ది కాదు, మెమరీల ఉన్నది ఉన్నట్టు ఫైల్‌ల గుమ్మరించిన మా రాత తప్పు. ఆ తీరు రాత ఉన్నన్ని రోజులు ఇంకో తిప్పలు గూడ ఉంటది, రేపు ఎవరైనా ఆ స్ట్రక్చర్ల ఒక నంబర్ కలిపితే పాత ఫైళ్లన్నీ ఖరాబే. మొత్తం టెక్స్ట్ ఫైల్‌కు మార్చినం, మొదటి లైన్ల ఫైల్ వెర్షన్, తర్వాత పాఠం నంబరు, తర్వాత నేర్చుకున్న అక్షరాలు అక్షరాలుగనే. నోట్‌ప్యాడ్‌ల తెరిస్తే చదవొస్తది. పాత బైనరీ ఫైల్ కనిపిస్తే పీసీ లెక్కన చదివి కొత్త తీరుల రాస్తది. ఈ మార్పు ఆర్‌సీల చెయ్యొచ్చునా అని ఇంకో తమ్ముడు అడిగిండు, కొత్త ఫీచర్లు వద్దనుకున్నం గద అని. రిలీజ్ అయినంక ఫైల్ మార్చుడు ఇంతకు పది రెట్ల కష్టం, ఇప్పుడే చేద్దామని ఒప్పిచ్చిన.

నవంబర్ 19, బుధవారం

బడి నుంచి తెచ్చిన డబ్బా గోడ ప్లగ్గు తీసి రెండు రోజులు పక్కకు పెట్టిన, ఇయ్యాల ఆన్ చేస్తే తారీఖు 2009 జనవరి 1. తారీఖు యాది పెట్టుకునే సీమోస్ బ్యాటరీ అయిపోయింది. మా ఊళ్ల పాత సిస్టమ్‌లు సగం గిట్లనే ఉంటయ్, కరెంట్ పోయినప్పుడల్ల 2009కి పోతయ్. ప్రోగ్రాం ఓపెన్ చేస్తే 'వరుసగ ప్రాక్టీస్ చేసిన రోజులు' అన్న జాగల మైనస్ ఆరు వేలు దాటింది. మూడు రోజులు పట్టువట్టి చేసిన పిల్లకు గది కనిపిస్తే ఎట్లుంటది? ఇయ్యాల తారీఖు ఆఖరి ప్రాక్టీస్ కన్న వెనక ఉంటే గడియారాన్ని నమ్మొద్దు, లెక్క కదిలియ్యొద్దు, చేసిన పాఠాలే లెక్కల పట్టాలె అని మార్చినం. తారీఖు తప్పుంటే అప్‌డేట్‌లు గూడ రావు, వాటిని తెచ్చే ఏపీటీ 'ఈ ఫైల్ ఇంకా చెల్లదు' అంటది, కాబట్టి చౌరస్తా కాడ రిపేర్ షాపు అన్న దగ్గర సీఆర్2032 బ్యాటరీలు ఎనిమిది తెచ్చి పెట్టుకున్న.

నవంబర్ 23, ఆదివారం

నెట్‌బుక్ మీద కీ కొట్టినంక అక్షరం పడేసరికి కంటికి తెలిసేటంత ఆలస్యం. ఒత్తులు కలిపే పని హార్ఫ్‌బజ్ చేస్తది, 'లక్ష్మి', 'సంస్కృతం' గిసుంటి మాటలకు దానికి టైమ్ పడుతున్నదేమో అని మూడు రోజులు దాని మీదనే అనుమానం పెట్టుకున్న. దేనికి ఎంత టైమ్ పోతున్నదో చూపే పర్ఫ్ టూల్ పెట్టి కొలిస్తే హార్ఫ్‌బజ్ లెక్కకు గూడ రానంత చిన్నగ ఉంది. టైమ్ తింటున్నది కింద కీబోర్డ్ బొమ్మ. అది ఎస్‌వీజీ, అంటే గీతల లెక్కలతోని గీసే బొమ్మ, ఏ కీ కొట్టాల్నో దాన్ని పసుపు రంగు చేసుడు కోసం ప్రతి అక్షరానికి మొత్తం బొమ్మను మొదటికెళ్లి గీస్తున్నది. బొమ్మను ఒక్కసారే గీసి దాసుకొని, పసుపు రంగు ఒక్క కీ మీదనే వేసేటట్టు మార్చినంక ఎన్270 మీద గూడ అక్షరం వేలు కిందికెళ్లి వచ్చినట్టే వస్తున్నది. బడి సిస్టమ్‌ల గూడ ఫ్యాన్ చప్పుడు తగ్గింది.

రాస్ప్‌బెర్రీ పై సంగతి చిన్నది. దాని చిప్ ఏఆర్ఎమ్‌వీ6 అనే పాత తరం, డెబియన్‌ల ఏఆర్ఎమ్ చిప్‌ల కోసం ఉన్న ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్ ప్యాకేజీలు దాని తర్వాతి వీ7కు కట్టినవి, ఈ బోర్డుల లైనక్స్ రాస్ప్‌బియన్ గూడ అదే ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్ పేరుతోని వీ6కు కడతది. పేరు ఒక్కటే కాబట్టి మా ప్యాకేజీ దాని మీద ఇన్‌స్టాల్ అయితది, నడవదు, మళ్ల అదే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్. దీనికి ఇంకో బిల్డ్ చేసే బలం మాకు లేదు. కాని నోరు మూసుకొని కూలుడు వద్దు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే చిప్ చూసి 'ఈ ప్యాకేజీ మీ బోర్డు మీద నడవదు, సోర్స్ నుంచి కంపైల్ చేసుకోండి, పద్ధతి ఈ ఫైల్‌ల ఉంది' అని తెలుగుల చెప్పే స్క్రిప్ట్ పెట్టినం. నడవదని చెప్పుడు గూడ సపోర్టే అని నేను నమ్ముత.

నవంబర్ 29, శనివారం

ఆర్‌సీ2 పట్టుకొని మళ్ల బడికి పోయిన. పొద్దుగాల మంచు మస్తుండె, రోడ్డు మీద పత్తి బండ్లు లైను. డబ్బా వాపస్ పెట్టిన, ఎనిమిదింటికి బ్యాటరీలు మార్చిన, తారీఖులు సరిచేసిన.

ఆ పిల్లనే ముందు కూసోవెట్టిండు సార్. మొదట చెయ్యి పెట్టలే, 'మళ్ల పోతదా అన్నా' అని అడిగింది. పోదు బిడ్డా, కొట్టు అన్న. కర్ర, కత్తి, ఆఖరికి కప్ప. 'శభాష్, 7 అక్షరాలు వచ్చినయ్.' తనే ప్రోగ్రాం బంద్ చేసి మళ్ల ఓపెన్ చేసింది, నేను చెప్పలే. పాఠం రెండు వచ్చింది. గంట కొట్టేసరికి మూడుల ఉన్నది.

మిగిలిన ఏడుల ఆరు పూర్తిగ పాస్. ఒకటి పాఠం నడుమల బందయింది, ముట్టుకుంటే కాలుతున్నది, ప్రాసెసర్ మీద పేస్ట్ ఎండిపోయి పొడి అయింది, మా తప్పు కాదు గాని వచ్చేవారం పేస్ట్ తీస్కపోత. సార్ ఒక తప్పు పట్టిండు, 'వరంగల్‌లో' అని కొట్టమన్న జాగల ల్ పక్కన లో విడిగ రావాలె, పాఠంల ఆ నడుమ పెట్టే జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలవకుండ ఆపే, కంటికి కనిపియ్యని గుర్తు) ఏ కీతోని కొట్టాల్నో కీబోర్డ్ బొమ్మల చూపియ్యలే. పిలగాండ్లు ల్లో అని ఒత్తు పడుతుంటే ఆగిపోయిండ్రు. నిజమే, ముగ్గురం చూసినం, ముగ్గురికి కనిపియ్యలే, మాకు చేతులకు అలవాటైపోయింది.

జనవరి ఆఖర్ల మేడారం జాతర, అప్పుడు బడులూ ఉండయ్ టెస్ట్ చేసేటోళ్లూ దొరకరు, కాబట్టి డిసెంబర్‌లనే రిలీజ్ చెయ్యాలె. బొమ్మ దిద్దుడు రేపు నేనే చేస్త. ఆర్‌సీ3 బుధవారం.